మూడేళ్ల బిడ్డకు పాఠం చెప్పే చదువు

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వైకల్యం ఉన్న చిన్నపిల్లలకు చదువు చెప్పాలంటే ఏ కోర్సు చేయాలని అడుగుతూ ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటిని తీసుకొని, ఆరేళ్లలోపు పిల్లల విషయానికే పరిమితమై సమాధానాలు రాస్తున్నాను. పెద్ద పిల్లల కోసం నేర్చుకున్న పద్ధతులను కాస్త కుదించి చిన్నవాళ్లకు వాడితే సరిపోతుందన్న అభిప్రాయం శిక్షణ సంస్థల్లో కూడా వినిపిస్తుంది. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నదాన్ని కనుక ఆ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోలేను. ఈ సమాధానాలన్నింటి వెనుకా ఉన్న మాట అదే.

ప్రశ్న: నేను బీఎస్సీ హోంసైన్స్ పూర్తి చేశాను. మా అక్క కూతురికి డౌన్ సిండ్రోమ్ ఉంది. దాన్ని చూస్తూ పెరిగాను కనుక ఇలాంటి చిన్నపిల్లలకు టీచరు కావాలని నా కోరిక. స్పెషల్ బీఎడ్ చేయమని కొందరు, డిప్లొమా చాలని కొందరు, పీజీ చేస్తేనే విలువ అని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైన దారి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మన దేశంలో ప్రత్యేక విద్య కోర్సులకు గుర్తింపు ఇచ్చేది రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ. 1992లో చేసిన చట్టం ద్వారా ఏర్పడి, 1993 జూన్‌లో చట్టబద్ధ సంస్థగా పని మొదలుపెట్టింది. దాని గుర్తింపు లేని కోర్సు ఎంత పేరున్న చోట చేసినా, పూర్తయ్యాక మీ పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులో చేరదు. ఆ రిజిస్టరులో పేరు లేకుండా వృత్తి చేయడం అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు గానీ, 1,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. కాబట్టి ఏ సంస్థ తలుపు తట్టినా, ఆ విద్యా సంవత్సరానికి ఆ కోర్సుకు ఆర్‌సీఐ అనుమతి ఉందా అన్నది మొట్టమొదటి ప్రశ్న కావాలి.

ఇక కోర్సుల సంగతి. ఇంటర్మీడియట్ అర్హతతో చేరగలిగిన ఏడాది డిప్లొమా ఒకటి ఉంది. దాని పేరు డిప్లొమా ఇన్ ఎర్లీ చైల్డ్‌హుడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. పేరులోనే చిన్నతనం ఉన్న కోర్సు అది. బడికి ముందు వయసు పిల్లల కోసమే దాన్ని రూపొందించారు. డిగ్రీ తర్వాత రెండేళ్ల స్పెషల్ బీఎడ్ ఉంది. అందులో మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, అభ్యసన వైకల్యం, ఆటిజం వంటి వాటిలో ఒకదాన్ని ప్రత్యేకాంశంగా తీసుకోవాలి. దాని తర్వాత స్పెషల్ ఎంఎడ్ ఉంది. వీటికి పక్కనే, ఆరేళ్లలోపు పిల్లలకు నేరుగా సంబంధించిన పీజీ దారి మరొకటి ఉంది: ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే వైకల్యాన్ని పసితనంలోనే గుర్తించి సాయం మొదలుపెట్టే పనిలో, పీజీ డిప్లొమా, ఎంఎస్సీ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలై, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఈ కోర్సులను నడిపింది. వైద్యం, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్, సైకాలజీ, ప్రత్యేక విద్య వంటి భిన్న రంగాల వారు ఒకే తరగతిలో కూర్చొని చదవడం ఈ దారిలోని విశేషం. ఆ సంవత్సరపు ప్రాస్పెక్టస్‌లో అర్హతలను జాగ్రత్తగా చూసుకోండి.

మీ డిగ్రీలో శిశు వికాసం ఒక పాఠ్యాంశంగా ఉండే ఉంటుంది. ఎన్నో నెలలో మెడ నిలుస్తుంది, ఎప్పుడు కూర్చుంటుంది, ఎప్పుడు వేలితో చూపిస్తుంది అన్నవి మీరు చదివే వచ్చారు. ఇది మామూలు లాభం కాదు. అందుకే నా సలహా ఇది: స్పెషల్ బీఎడ్ చేయండి, ప్రత్యేకాంశంగా మేధో వైకల్యాన్ని గానీ ఆటిజాన్ని గానీ తీసుకోండి, ఆ తర్వాత ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో పీజీకి వెళ్లండి. బడి ఉద్యోగానికి అవసరమైన అర్హత మొదటిదానితో వస్తుంది, మీరు కోరుకుంటున్న పని రెండోదానితో చేతికి వస్తుంది. ఇంట్లో ఆర్థిక పరిస్థితి మూడేళ్ల చదువుకు సహకరించకపోతే ఏడాది డిప్లొమాతో పనిలో చేరడంలో చిన్నతనమేమీ లేదు. ఆ డిప్లొమా చేసి, తర్వాత దూరవిద్యలో చదువు పెంచుకున్నవాళ్లలో చాలా మంచి టీచర్లను నేను చూశాను.

అయితే కోర్సు పేరు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి సంస్థను అడగవలసి ఉంది. "మీ ప్రాక్టికల్స్‌లో మూడేళ్లలోపు బిడ్డను, ఆ బిడ్డ తల్లితో కలిపి, నేను ఎన్ని గంటలు చూస్తాను?" అని అడగండి. 2021 జూన్ 17న దేశంలోని 14 జాతీయ సంస్థల, ప్రాంతీయ కేంద్రాల ఆవరణల్లో అన్ని వైకల్యాలకూ ఒకేచోట సేవలందించే ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. అలాంటి కేంద్రం ఉన్న ఆవరణలో చదివే విద్యార్థి రోజూ పసిపిల్లలను చూస్తాడు. అద్దె భవనంలో నడుస్తూ, ప్రాక్టికల్స్ కోసం ఏడాదికి ఇరవై రోజులు ఏదో ఒక స్పెషల్ స్కూలుకు పంపే కాలేజీలో చదివే విద్యార్థి పన్నెండేళ్ల పిల్లలకు అంకెలు నేర్పించి బయటికి వస్తాడు. రెండు సర్టిఫికెట్ల మీదా ఒకే అక్షరాలు ఉంటాయి.

ప్రశ్న: నేను తెలుగు ఎంఏ, మామూలు బీఎడ్ చేసి ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేరుగా స్పెషల్ ఎంఎడ్‌లో చేరవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్

సమాధానం: చేరలేరు. స్పెషల్ ఎంఎడ్‌కు స్పెషల్ బీఎడ్ గానీ, మామూలు బీఎడ్‌తో పాటు ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న ప్రత్యేక విద్య డిప్లొమా గానీ ఉండాలి. ఉద్యోగం మానకుండా చదవాలంటే డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రెండున్నరేళ్ల స్పెషల్ బీఎడ్‌ను దూరవిద్యలో అందిస్తూ వచ్చింది. ఈసారి ప్రవేశ ప్రకటన ఎప్పుడు వస్తుందో గమనిస్తూ ఉండండి. దూరవిద్య అయినా ప్రాక్టికల్స్‌కు హాజరు తప్పదు. వాటిని మొక్కుబడిగా సంతకాలు పెట్టించుకొని ముగిస్తే ఎనిమిదేళ్ల మీ అనుభవం కూడా ఆదుకోదు. నలభై మంది పిల్లలను ఒక్క చూపుతో నిశ్శబ్దంగా కూర్చోబెట్టగల టీచరు, మాటలు రాని ఒక్క బిడ్డ ముందు నేలమీద కూర్చోవలసి వచ్చినప్పుడు చేతులు కట్టేసినట్లు నిలబడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో స్పెషల్ బీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను, ప్రత్యేకాంశం మేధో వైకల్యం. ఇప్పటివరకు ప్రాక్టికల్స్‌లో పదేళ్లు దాటిన పిల్లలనే ఇచ్చారు. వచ్చే నెల నుంచి నాలుగేళ్ల బాబును కేస్ స్టడీగా తీసుకోవాలి. అతను డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబు. రెండు నిమిషాలు కూడా ఒకచోట కూర్చోడు. లెసన్ ప్లాన్ ఎలా రాయాలో తోచడం లేదు.
— ఒక విద్యార్థి

సమాధానం: మీ ఉత్తరం చదివి సంతోషించాను. ఎందుకంటే తోచడం లేదని గ్రహించడమే ఇక్కడ మొదటి మెట్టు. మీ తోటివాళ్లలో కొందరు ఆ బాబును కుర్చీలో కూర్చోబెట్టి రంగుల కార్డులు చూపించడం ఈపాటికే మొదలుపెట్టి ఉంటారు.

మొదటి మూడు రోజులు ఏమీ నేర్పకండి. వీలైతే వాళ్ల ఇంటికి వెళ్లండి. ఆ బాబు ఉదయం లేచినప్పటి నుంచి ఏమేం చేస్తాడో, ఏది తనంతట తాను చేస్తాడో, ఏది ఎవరు చేయిస్తే చేస్తాడో రాసుకోండి. బిడ్డ ఏమేం చేయగలడో అంచనా వేయడానికి ఎన్‌ఐఎంహెచ్ రూపొందించిన ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టును మీకు పరిచయం చేసే ఉంటారు. అందులో ప్రీ ప్రైమరీ స్థాయి మీ బాబు వయసుకు సరిపోతుంది. ప్రతి అంశం దగ్గర బిడ్డ స్వయంగా చేశాడా, సైగ చేస్తే చేశాడా, నోటితో చెబితే చేశాడా, చెయ్యి పట్టి చేయిస్తే చేశాడా, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడ్డాడా అన్న తేడాలను గుర్తించమంటారు కదా. విద్యార్థులు దాన్ని మార్కుల పట్టీలా పూర్తి చేసి, ఎనభై శాతం వస్తే పై స్థాయికి పంపాలన్న నియమం ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. నిజానికి ఆ చెక్‌లిస్టులో అసలు విలువ మధ్యలో ఉన్న ఈ గళ్లలో ఉంది. "చెయ్యి పట్టి చేయిస్తే చేస్తాడు" అన్న గడిలో పడిన ప్రతి పనీ వచ్చే మూడు నెలల్లో మీరు నేర్పగలిగిన పని.

ఉదాహరణకు అన్నం తినడం తీసుకుందాం. నాలుగేళ్లు వచ్చినా తల్లే కలిపి, మెత్తగా పిసికి, నోట్లో పెడుతూ ఉండవచ్చు. మీ పాఠ్యపుస్తకం చెంచా పట్టుకోవడం నేర్పమంటుంది. ఆ ఇంట్లో ఎవరూ చెంచాతో తినరు. తాతయ్య నుంచి అందరూ చేత్తో తినే ఇంట్లో ఈ బాబు ఒక్కడికే చెంచా ఎందుకు? చేత్తో తినడమే నేర్పండి. పనిని చిన్న అడుగులుగా విడదీయండి: కంచం వైపు చెయ్యి చాపడం, పప్పన్నం ముద్దను వేళ్లతో కూడదీయడం, పట్టుకోవడం, ఎత్తడం, నోటి దగ్గరికి తేవడం, నోట్లో పెట్టుకోవడం. ఇప్పుడు చివరి అడుగు నుంచి మొదలుపెట్టండి. తల్లి అతని చేతిలో ముద్ద పెట్టి, మణికట్టు పట్టుకొని, పెదవుల దగ్గరి వరకు తెచ్చి వదిలేయాలి. ఆ చివరి అంగుళం దూరం బాబుది. అది స్థిరపడ్డాక గడ్డం దగ్గర వదలాలి, తర్వాత ఛాతీ దగ్గర, చివరికి కంచం దగ్గర. చివరి అడుగు నుంచి నేర్పినప్పుడు బిడ్డ ప్రతిసారీ పనిని తానే పూర్తి చేస్తాడు, పూర్తయిన వెంటనే రుచి నోట్లో ఉంటుంది. చప్పట్లు కొట్టడం, చాక్లెట్ ఇవ్వడం వంటి బహుమతులు వేరే అవసరం లేదు.

దీన్ని లెసన్ ప్లాన్‌గా రాసేటప్పుడు "స్వయంగా తినడం నేర్చుకుంటాడు" అని రాయకండి. "మధ్యాహ్న భోజన సమయంలో, తల్లి మణికట్టు పట్టుకొని ముద్దను గడ్డం వరకు తెచ్చాక, పది ముద్దల్లో ఎనిమిదింటిని నాలుగు వారాల్లో తనంతట తాను నోట్లో పెట్టుకుంటాడు" అని రాయండి. ఎప్పుడు, ఎవరితో, ఎంత సాయంతో, ఎన్నింట ఎన్ని, ఎన్ని రోజుల్లో అన్నవన్నీ ఒక్క వాక్యంలో ఉండాలి. ఇంకొకరు అదే కాగితం చదివి మర్నాడు అదే పని కొనసాగించగలగాలి.

రెండు నిమిషాలు కూర్చోడని బాధపడకండి. నాలుగేళ్ల పిల్లవాణ్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టాలన్న కోరిక పెద్ద తరగతుల నుంచి వచ్చినది. అతను లేచి వెళ్లిన చోటికి మీరూ వెళ్లండి. కుళాయి దగ్గరికి వెళితే అక్కడ నీళ్లు, చెంబు, నింపడం, ఒంపడం, "ఇంకా", "చాలు" అన్న మాటలు ఉన్నాయి. పాఠం అక్కడ చెప్పండి.

ప్రశ్న: నా కూతురికి రెండున్నరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ అని డాక్టరు చెప్పారు. నేను బీకాం చదివాను. ఉద్యోగం వదిలేసి నేనే స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి నా బిడ్డకు నేర్పుకుందామని అనుకుంటున్నాను. ఇది మంచి ఆలోచనేనా?
— ఒక తల్లి, అనంతపురం

సమాధానం: అమ్మా, ఈ నిర్ణయాన్ని రెండుగా విడదీసి చూడండి. మీ బిడ్డకు రేపటి నుంచి కావలసినది వేరు. రెండేళ్ల తర్వాత మీ చేతికి వచ్చే డిగ్రీ వేరు. రెండున్నరేళ్ల వయసులో రెండేళ్లు చాలా పెద్ద కాలం. కోర్సు పూర్తి చేసి వచ్చాక నేర్పుతానంటే ఆ కాలం తిరిగి రాదు.

కాబట్టి ముందు జిల్లా ఆసుపత్రిలోని డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటరుకు, అందరూ డైక్ అని పిలిచే చోటుకు, బిడ్డను తీసుకెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి ఏర్పడ్డాయి. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ నిపుణులు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకేచోట ఉండాలన్నది వాటి ఉద్దేశం. అన్నిచోట్లా అన్ని పోస్టులూ నిండి ఉండవు, ఉన్నవారితోనే మొదలుపెట్టండి. మీ ఊరి అంగన్‌వాడీలో కూడా పేరు నమోదు చేయించండి. దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలు ఏం చేయాలో చెప్పే ప్రొటోకాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో విడుదల చేసింది. పిల్ల అందరితో కలిసి అక్కడ కూర్చోవడం ఆమె హక్కు. దాన్ని ఎవరి దయగానూ అనుకోవద్దు.

అక్కడి నిపుణులు మీకు నేర్పవలసినవి చిన్న చిన్న సంగతులు. కాళ్లు కత్తెరలా బిగుసుకుపోయే బిడ్డను రెండు చేతుల మీద పడుకోబెట్టి మోయడం కన్నా, మన అమ్మమ్మలు ఎత్తుకున్నట్లు చంకన, కాళ్లు అటూ ఇటూ వేసి ఎత్తుకుంటే కాళ్లు విడివడతాయి, తల నిలుస్తుంది, లోకం కనిపిస్తుంది. గోడ మూలలో, వెనక దిండు పెట్టి కూర్చోబెడితే రెండు చేతులూ ఆటకు ఖాళీ అవుతాయి. మీ బిడ్డ శరీర స్థితికి ఇవి ఎలా సరిపోతాయో ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి చేయించి చూసుకోండి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు వేసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు చేయగలిగినవే నేర్పమని వాళ్లను అడగండి. రోజుకు గంటసేపు విడిగా చేయించే వ్యాయామాన్ని జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా మానేస్తారు. స్నానం మాత్రం రోజూ ఉంటుంది.

ఇప్పుడు కోర్సు సంగతి. సొంత బిడ్డ కోసం మొదలుపెట్టి, ఇతర పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లులు ఈ రంగంలో చాలామంది ఉన్నారు, వాళ్ల నుంచి నేను ఎంతో నేర్చుకున్నాను. మీకు ఆ కోరిక ఉంటే ఆరు నెలల సీబీఐడీ (కమ్యూనిటీ బేస్డ్ ఇన్‌క్లూజివ్ డెవలప్‌మెంట్) సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టండి. ఆర్‌సీఐ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి 2021లో ప్రారంభించిన ఈ కోర్సు ఊళ్లలో, ఇళ్లలో పనిచేసేవారి కోసం ఉద్దేశించినది. పని నచ్చిందనిపిస్తే ఆ తర్వాత స్పెషల్ బీఎడ్ గురించి ఆలోచించవచ్చు. కానీ ఉద్యోగం పూర్తిగా వదిలేయమని మాత్రం నేను చెప్పను. బిడ్డ ఖర్చులు పెరిగే వయసు ముందుంది. అంతకన్నా ముఖ్యంగా, రోజంతా తల్లి థెరపిస్టుగా మారిపోతే ఆ పిల్లకు అమ్మ ఉండదు. ఏ ఉద్దేశమూ లేకుండా ఒళ్లో పడుకోబెట్టుకొని కబుర్లు చెప్పే సమయం మీ ఇద్దరికీ కావాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ మానేసి స్పెషల్ బీఎడ్ చేస్తానంటోంది. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా?
— ఒక తండ్రి, ఏలూరు

సమాధానం: మీ ఆందోళన న్యాయమైనదే. ఈ మధ్య దాకా మన రెండు రాష్ట్రాల్లో ఈ చదువు చదివినవారిలో ఎక్కువమంది ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షా కింద, దివ్యాంగ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసినవారే. మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు ఎండలో తిరిగి, పర్మినెంటు కాకుండానే ఏళ్లు గడిపినవారు ఎందరో. వారికి జరిగినది అన్యాయమని నేను నమ్ముతాను.

పరిస్థితి ఇప్పుడు కొంత మారుతోంది. రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పు చెబుతూ, ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను వెంటనే సృష్టించి, శాశ్వత ప్రాతిపదికన భర్తీ చేయాలన్నది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఎనిమిది మందికి ఒకరు, మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారికి ఐదుగురికి ఒకరు, వినికిడి, చూపు రెండూ లేని పిల్లలకు ఇద్దరికి ఒకరు అన్న నిష్పత్తిని కూడా ప్రస్తావించింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, 796 ఎస్‌జీటీ పోస్టులు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులను మంజూరు చేసింది. మీ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి స్పెషల్ బీఎడ్ ముగించే సమయానికి దారి ఇంతకన్నా మూసుకుపోయి ఉండదు.

ఒక లోపం మాత్రం చెప్పి తీరాలి. ఇవన్నీ బడి పోస్టులు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కునిచ్చాయి. ఆరేళ్లలోపు బిడ్డకు అలాంటి హామీ లేదు. అందుకే ఆ బిడ్డ టీచరుకు ప్రభుత్వ పోస్టులూ చాలా తక్కువ. నేర్చుకునే శక్తి అత్యధికంగా ఉండే వయసుకే చట్టం చేయి అందకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఆ వయసు పిల్లలు చాలావరకు పట్టణాల్లోని ప్రైవేటు థెరపీ సెంటర్లకు వెళుతున్నారు. అక్కడ ఉద్యోగాలు ఉన్నాయి. కానీ ఆర్‌సీఐ నమోదు లేనివారిని తక్కువ జీతానికి పెట్టుకొని నడిపే చోట్లు కూడా ఉన్నాయి. మీ అమ్మాయి ఎక్కడ చేరినా, తనకు పని నేర్పే పై వ్యక్తికి నమోదు సంఖ్య ఉందో లేదో అడిగి మరీ చేరమనండి.

ప్రశ్న: పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. ఇండియాలో స్పెషల్ బీఎడ్ చేసి మూడేళ్లు పనిచేశాను. ఇక్కడ ఎర్లీ చైల్డ్‌హుడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేస్తే మన దగ్గరి చదువుకు, దీనికి తేడా ఎలా ఉంటుంది?
— ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: పెద్ద తేడా చట్టంలోనే ఉంది. అమెరికాలో 1975 నాటి చట్టం వైకల్యం ఉన్న పిల్లలకు బడిని హక్కుగా ఇవ్వగా, 1986 నాటి సవరణ ఆ హక్కును మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు విస్తరించి, పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు పిల్లల కోసం మరో కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. ప్రస్తుతం ఐడియా అని పిలిచే చట్టంలో మొదటి మూడేళ్లు పార్ట్ సీ కిందికి, ఆ తర్వాతివి పార్ట్ బీ కిందికి వస్తాయి. మూడేళ్లలోపు బిడ్డకు రాసే ప్రణాళికను ఇండివిడ్యువలైజ్డ్ ఫ్యామిలీ సర్వీస్ ప్లాన్ అంటారు, దాని పేరులోనే కుటుంబం ఉంటుంది. అందులో బిడ్డతో పాటు కుటుంబ అవసరాలను కూడా రాయాలి. సేవలు ఇంట్లోనో, తోటి పిల్లలు ఉండే చోటనో జరగాలని చట్టమే చెబుతుంది. అందువల్ల అక్కడి మాస్టర్స్‌లో తల్లిదండ్రులతో మాట్లాడడం, వాళ్లకు నేర్పడం, ఇతర నిపుణులతో కలిసి పనిచేయడం అన్నవి ప్రధాన పాఠాలుగా ఉంటాయి.

చేరే ముందు రెండు విషయాలు కనుక్కోండి. బోధన లైసెన్సు రాష్ట్రానిది; టెక్సస్‌లో బడిలో పాఠం చెప్పడానికి కావలసిన సర్టిఫికెట్ వేరు, ఈసీఐ అనే మూడేళ్లలోపు పిల్లల కార్యక్రమంలో ఇళ్లకు వెళ్లే స్పెషలిస్టు అర్హత వేరు. మీకు ఏది కావాలో తేల్చుకొని, ఆ మాస్టర్స్ దానికి దారి తీస్తుందో లేదో విశ్వవిద్యాలయాన్నే రాతపూర్వకంగా అడగండి. మీ వీసా మీద జీతం వచ్చే ప్రాక్టికల్స్ చేయవచ్చో లేదో కూడా చేరకముందే తెలుసుకోవాలి. మీ మూడేళ్ల అనుభవాన్ని తక్కువగా అంచనా వేసుకోకండి. ఒక గదిలో, అరకొర సామగ్రితో పనిచేసి వచ్చినవారికి ఇంట్లో ఉన్న గిన్నెలతో, గుడ్డలతో పాఠం నడపడం తెలుసు. పార్ట్ సీ కోరేది సరిగ్గా అదే.

ప్రశ్న: కోర్సులో పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పిల్లల భాషను పరీక్షించే ప్రశ్నావళులు కూడా అంతే. తెలుగు మాత్రమే తెలిసిన పిల్లలతో నేను ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, నెల్లూరు

సమాధానం: చాలా అవసరమైన ప్రశ్న. ఒక కేంద్రంలో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని ఒక తల్లికి చెప్పారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. దాంతో బిడ్డతో మాట్లాడడమే తగ్గించింది. మూడేళ్ల బాబు అంతకు ముందు అనే పది మాటల్లో ఆరు పోయాక నా దగ్గరికి వచ్చింది. మాటలు ఆలస్యమైన బిడ్డకు, తల్లి ధారాళంగా మాట్లాడే భాషకు మించిన ఔషధం లేదు.

మన భాషలో పసివాళ్ల కోసమే పుట్టిన మాటలు ఉన్నాయి: బువ్వ, లాల, జోజో, హాయి, తాయి, బూచి. అమ్మ, తాత, అత్త, మామ అన్న పిలుపులను కూడా వీటితో కలిపి చూడండి. వీటిలో ఎక్కువ భాగం పెదవులు కలిపితే, నాలుక పళ్లకు తగిలితే వచ్చే తేలికైన శబ్దాలు. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే మాటలూ ఉన్నాయి. బిడ్డ నోరు ముందుగా పట్టుకోగలిగేవి ఇవే. ఇంగ్లీషు ప్రశ్నావళిలో ఆపిల్, బాల్ అన్న మాటలు లేవని బిడ్డకు సున్నా వేయకండి. "బువ్వ" అని కంచం చూపించిన బిడ్డ ఒక వస్తువుకు పేరు పెట్టాడు, కోరాడు, మీ కళ్లలోకి చూశాడు; మూడు పనులు చేశాడు. తారంగం, చెమ్మచెక్క, దాగుడుమూతలు ఆడేటప్పుడు బిడ్డ తన వంతు కోసం ఎదురుచూస్తాడు. మధ్యలో ఆగిపోయి చూడండి. చెయ్యి ఊపి గానీ, ఒక శబ్దం చేసి గానీ కొనసాగించమంటే అది సంభాషణే.

మీ పని ఇలా మొదలుపెట్టండి. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని, బిడ్డ అనే ప్రతి మాటనూ అతను పలికినట్లే తెలుగు లిపిలో రాయండి. "నీళ్లు" అన్నదాన్ని "నీనీ" అంటే "నీనీ" అనే రాయండి. పక్కన ఎప్పుడు అన్నాడో, ఎవరితో అన్నాడో, ఏం కావాలని అన్నాడో రాయండి. స్నానం, భోజనం, పడక వేళల్లో వచ్చే మాటలకు వేర్వేరు పుటలు కేటాయించండి. చదవడం, రాయడం వచ్చిన తల్లి అయితే ఆమె చేతే రాయించండి. రాకపోతే వారానికోసారి ఆమె చెబుతుండగా మీరు రాయండి. మీ కేస్ స్టడీకి కావలసిన భాగాలను నకలు తీసుకొని, అసలు పుస్తకాన్ని ఆ ఇంట్లోనే ఉంచి రండి.